వెనక నుంచి చదివిన నంబరు

పోయిన వారం మా కౌంటర్ మీద రెండు వస్తువులు పెట్టి, మిమ్మల్ని అక్కడే నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. ఒకటి కరెంటు స్తంభం నుంచి పీక్కొచ్చిన ప్లాస్టిక్ అట్ట బోర్డు, మా షాపులో అచ్చయినదే. రెండోది ఎవరో టీచరమ్మ చేతిసంచి, ఊడిన పిడి తిరిగి కుట్టి ఉంది. రెండూ తెచ్చినాయన రెండున్నర నెలల కిందట బ్యాగుల రిపేరు షాపు తెరిచి, మా చేత ముప్పై స్తంభాలకి బోర్డులు కట్టించుకున్న మనిషి. మా ఇంట్లో ఆయన్ని జిప్పులాయన అంటాం. "ఈ బోర్డు మీద నంబరు నాది కాదమ్మా" అన్నాడు. బోర్డు బోర్లా పడి ఉంది, నేను తిప్పి చూడలేదు. నా కళ్ళు ఆ సంచి పిడి దగ్గరే ఆగిపోయాయి. ఆరేళ్ళుగా నాతో మాట్లాడని మా అక్క కుట్టు అది.

ఎలా తెలుసంటారా. మా అక్క ముడి వేయదు. దారం అయిపోయే చోట సూదిని మూడు కుట్లు వెనక్కి నడిపించి, కొసని తోలు పొరల మధ్య దాచేస్తుంది. గోరు పెట్టి వెతికినా దొరకదు. చిన్నప్పుడు నాకూ నేర్పబోయింది. నాకంత ఓపికెక్కడిది, ముడేసి కొరికేసేదాన్ని.

మధ్యాహ్నం మూడు దాటింది. ప్రింటింగ్ మిషన్ పొద్దున్నుంచీ ఆగకుండా ఏదో కొత్త జిమ్ వాళ్ళ బ్యానర్లు కక్కుతోంది. గదంతా రంగు వాసన, వేడి. నా నడుము అప్పటికే చేతులెత్తేసింది. మనిషి గొడవపడతాడేమోనని చూశాను, పడితే నేనూ నాలుగు అనేసి తేలికపడదామని. ఆయన గొడవపడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నిజానికి అదే ఎక్కువ కష్టం. అరిచేవాడికి జవాబు చెప్పొచ్చు.

ఆయన ఇరవై రెండేళ్ళు సూట్‌కేసుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడింది. చేతికి వచ్చింది ఆ ఒక్క పనే కాబట్టి నీళ్ళ ట్యాంకు వెనక సందులో చిన్న గది తీసుకున్నాడు. ఆ సందులోకి దారి తప్పినవాడు కూడా రాడు. అందుకే మా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఆయనకి సలహా ఇచ్చిన మహాతల్లిని నేనే. "బండి మీద పోయేవాడు మీ బోర్డు వైపు చూసేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో మీ పేరూ చదవడు, అడ్రసూ చదవడు. పని పేరు, ఫోన్ నంబరు, అంతే" అన్నాను. నా పేరెవరికి కావాలమ్మా, అలాగే వేయండి అన్నాడు. అలాగే వేశాం. పైన 'బ్యాగుల రిపేరు'. మధ్యలో 'తెగిన జిప్పు, ఊడిన పిడి, చిరిగిన సంచి. ఒక్క ఫోన్ చేయండి, ఇంటికొచ్చి తీసుకెళ్తాం'. కింద జానెడు ఎత్తు అంకెలు.

షాపు కోసమని కొత్త నంబరు తీసుకున్నాడు. అది ఆయనకింకా నోటికి రాలేదు. వారానికోసారి సైకిలు మీద తిరిగి ముప్పై బోర్డులూ తడిగుడ్డతో తుడిచేవాడట. తుడిచాను గానీ చదవలేదమ్మా అన్నాడు. ఎవరైనా తన నంబరుకి తనే ఫోన్ చేసుకుంటాడా. పొద్దున్నే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చోవడం, సాయంత్రం లేవడం. మొదట సిగ్నల్ లేదనుకున్నాడు. తర్వాత జనం కొత్త సంచులు కొనుక్కుంటున్నారనుకున్నాడు. ఆఖరికి తన జాతకమే ఇంత అనుకున్నాడు.

"మా ఆవిడ మొదటి నెలలోనే అంది, ఆ బోర్డులవాళ్ళు సరిగ్గా వేశారో లేదో ఓసారి కనుక్కోమని. నేనే కసిరాను. అంతంత అక్షరాలు వేసేవాళ్ళకి ఆమాత్రం తెలీదా అన్నాను" అన్నాడు.

నన్ను బండబూతులు తిట్టినా అంత బాధ పడేదాన్ని కాదు. మా మీద నమ్మకంతో పెళ్ళాన్ని కసురుకున్నాడు పాపం.

నిన్న ఆ టీచరమ్మ చుట్టాలింటికని ఆ సందులోకి వచ్చిందట. గుమ్మంలో పనిముట్లు సర్దుకుంటున్న ఈయన్ని చూసి ఆగి, బ్యాగుల రిపేరు మీదేనా, మీ ఆవిడ చేతిలో ఏదో ఉందండీ, మొదటి పిడి రాయిలా ఉంది, రెండోది కూడా ఆవిడతోనే కుట్టించండి అని సంచి చేతిలో పెట్టి వెళ్ళిందట. వాళ్ళావిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అప్పుడు తట్టింది ఆయనకి. నడుచుకుంటూ వెళ్ళి దగ్గర్లోని బోర్డు ముందు నిలబడి, జేబులో చీటీ తీసి, ఒక్కో అంకె పోల్చి చూసుకున్నాడు.

ఇంతవరకూ విన్నాక నాకు ఎవరో ఒకరి మీద అరవాలనిపించింది. కంప్యూటర్ ముందు మా మరిది ఉన్నాడు. ఇంకెవరు దొరుకుతారు.

మా మరిది మంచివాడే. కానీ ఖాళీ పేజీ చూస్తే వాడికి భయం. ఏ బోర్డు చేయాలన్నా ఏదో పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, బొమ్మ మార్చి ఇస్తాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతే అనుకోండి. పూర్వం ఒకసారి పళ్ళ డాక్టరు బోర్డుకి సిమెంటు కొట్టు ఫైలు వాడి, 'మూడు తరాలు చెక్కుచెదరదు' అన్న ముక్క తీయడం మరిచిపోయాడు. అది అచ్చుకి వెళ్ళకముందే పట్టుకున్నాం. డాక్టరు చూసి, ఉండనివ్వండి బాగుంది అన్నాడు. ఆ కథ ఇరవై సార్లు చెప్పి నవ్వుకున్నాం. ఈసారి నవ్వొచ్చే పని కాదు. ఎన్నిసార్లు చెప్పాను, ముందు పాతవన్నీ చెరిపి మొదలుపెట్టమని, మనిషి కడుపు మీద కొట్టావు కదా అని, జిప్పులాయన ముందే వాడిని కడిగేశాను.

వాడు కుర్చీ ఇటు తిప్పి అన్నాడు. "మన దగ్గర బ్యాగుల షాపు ఫైలు ఒక్కటే ఉంది వదినా. అది ఎవరిదో నీకు తెలుసు. అదే తీయమని చెప్పింది కూడా నువ్వే."

నిజమే. నేనే చెప్పాను. బ్యాగులదేదో పాతది ఉండాలి చూడరా అన్నాను, ఎవరిదో పైకి అనకుండా. మా అక్క షాపుది. ఆ మధ్యలో మాటలున్నాయే, తెగిన జిప్పు, ఊడిన పిడి, అవి కూడా తొమ్మిదేళ్ళ కిందట నేను మా అక్క కోసం రాసిపెట్టినవే.

"అయినా నేను తప్పు చేస్తే పట్టుకోడానికేగా అన్నయ్య ఆ చదవడం పెట్టింది" అన్నాడు మరిది.

ఆ చదవడం గురించి చెప్పాలి. మా ఆయన కంప్యూటర్లు రాకముందు గోడల మీద కుంచెతో రాసేవారు. అప్పట్నుంచీ ఆయనది ఒకటే పద్ధతి. పేరు ముందు నుంచి చదవాలి, నంబరు మాత్రం వెనక నుంచి చదవాలి. ముందు నుంచి చదివితే నాలుక దాని దారిన అది పరిగెడుతుంది, కళ్ళు నిద్రపోతాయి. వెనక నుంచైతే ప్రతి అంకె దగ్గరా ఆగి చూడాల్సిందే. నమూనా కాగితం మీద ప్రింటు తీసి, ఒకరు ఆఖరి అంకె నుంచి పైకి చదవాలి, ఇంకొకరు కస్టమరు ఇచ్చిన చీటీ పట్టుకుని సరిచూడాలి. ఇద్దరు ఉండాలి. సరిపోతే చదివినవాళ్ళు 'చూశాను' అని సంతకం పెట్టాలి. అప్పుడే అచ్చు. పాతికేళ్ళలో ఈ ఊళ్ళో మా చేత తప్పు నంబరు పడలేదంటే ఆ పద్ధతి చలవే. ఆ చదివే పని మా ఆయనది. రెండేళ్ళుగా ఆయన కళ్ళు మధ్యలో మసకబారుతున్నాయి. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. అయినా ఆ పని వదలలేదు. భూతద్దం పెట్టుకుని చదువుతారు. ఆయనకి షాపులో మిగిలిన పని అదొక్కటే.

లోపలి గదిలో మా మాటలన్నీ వింటున్నారు కాబోలు, గోడ పట్టుకుని బయటికి వచ్చారు. జిప్పులాయన ఉన్న వైపుకి కాస్త పక్కగా చూస్తూ, "నేనే చదివుంటానండీ. వాడి తప్పు కాదు. మూడుని ఎనిమిది అనుకుని ఉంటాను" అన్నారు.

నాకు జాలీ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఈ తప్పు ఆయనదని తేలితే ఆయన ఇంక కౌంటర్ దగ్గరికి రారు. నేను చెప్పక్కర్లేదు, ఆయనే మానేస్తారు. లోపలి గదిలో రేడియో పెట్టుకుని కూర్చుండిపోతారు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. పోనీలెండి, వయసు వచ్చాక ఎవరికైనా జరిగేదే, ఇన్నేళ్ళు మీ కళ్ళే కదా మమ్మల్ని కాపాడాయి అని ఆయన్ని ఊరడించడానికి మంచి మంచి మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. క్షమించడానికి నేనంత బాగా తయారైన రోజు ఇంకోటి లేదు.

నమూనా కాగితాలన్నీ గోడకి కొట్టిన ఇనప తీగకి గుచ్చి ఉంటాయి. మరిది స్టూలెక్కి ఆ కట్ట దించి, వెనక్కి తిప్పుతూ పోయాడు. బేకరీ, ట్యూషన్ సెంటరు, నీళ్ళ మోటార్ల రిపేరు, అద్దె సామాన్లు. ఒక కాగితం దగ్గర ఆగాడు. దాన్ని వాళ్ళన్నయ్యకి ఇవ్వలేదు, జిప్పులాయనకి ఇవ్వలేదు. దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు.

కింద మూలన 'చూశాను'. పక్కన సంతకం. కోడి గీకినట్టుండే ఆ సంతకం ఈ షాపులో ఒక్కరిదే. నాదే.

ఇంతోటిదానికి ఇందాకటి నుంచీ మరిది మీద ఎగిరాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఆ రోజు గుర్తొచ్చింది. మరిది మా ఆయన్ని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఏదో పరీక్ష, సాయంత్రమవుతుందన్నారు. నేనొక్కదాన్నే షాపులో. ముప్పై బోర్డులు మర్నాడు కట్టేస్తామని జిప్పులాయనకి మాటిచ్చి ఉన్నాం, మిషన్ ఖాళీగా ఉంది. రెండో మనిషి కోసం ఎక్కడ ఆగుతాం అనుకుని నేనే నిలబడి చదివాను. వెనక నుంచే చదివాను. పద్ధతి తప్పలేదు. నాలుగు, సున్నా, ఏడు, ఏడు అంటూ పైకి వెళ్ళాను. ఒక్క అంకె దగ్గర కూడా నాలుక తడబడలేదు. ప్రతి అంకె వచ్చి దాని చోట్లో అది కూర్చుంది. సరిగ్గా ఉంది అనిపించింది. చీటీ చూడలేదు. చూడాలని తోచనే లేదు.

ఎందుకు తోచలేదో ఇప్పుడు చెబుతాను, సిగ్గు విడిచి. ఈ లోకంలో నాకు నోటికొచ్చిన నంబరు ఒకే ఒక్కటి. మా ఆయన నంబరు అడిగినా ఫోన్లో చూసి చెబుతాను. మా అక్క నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ముందు నుంచైనా వెనక నుంచైనా. ఈ ఆరేళ్ళలో ఎన్ని వందలసార్లు నొక్కి ఉంటానో. తొమ్మిది అంకెలు నొక్కుతాను, పదోది ఆ నాలుగు నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టేస్తాను. అలాంటి నంబరు కాగితం మీద కనబడితే తప్పని ఎలా అనిపిస్తుంది చెప్పండి. నాకు తెలిసిన సరైన నంబరే అది.

ఆ కాగితం కింద గుండుసూదితో గుచ్చిన చీటీ అలాగే ఉంది. జిప్పులాయన భార్య చేతిరాత. గుండ్రంగా, ఒక్కో అంకెకీ మధ్య చోటు వదిలి, ఎవరూ పొరబడకూడదని రెండుసార్లు రాసింది.

"తప్పు నాదండీ" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి ఎంత సేపు పట్టిందో తెలీదు. మా ఆయన చెయ్యి కౌంటర్ మీద వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి దగ్గర ఆగింది. ఆయన ముఖంలో బరువు దిగిన జాడ కనిపించింది, ఆ వెంటనే నా కోసం బాధ కూడా. మనిషి ఏదీ దాచుకోలేడు.

జిప్పులాయన సంచి వైపు చూపించి, మరి ఈ ఫోన్లు ఎత్తి నా పని చేస్తున్న ఈవిడ ఎవరని అడిగాడు. మా అక్క అన్నాను.

ఆయన మొహం అప్పుడు మారింది. అంతసేపూ అలసట మాత్రమే ఉన్న మనిషి మొదటిసారి నన్ను తేరిపార చూశాడు.

"అంటే, మీ అక్కకి పని చూపించడానికి నా బోర్డులు వాడుకున్నారన్నమాట" అన్నాడు.

కాదని మరిది అడ్డుపడ్డాడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవండీ, ఆరేళ్ళయింది, ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతారు అని చెప్పాడు. మా పరువు అలా బయట పడింది. అయినా ఆయన ఎందుకు నమ్మాలి. నేనైతే నమ్మేదాన్ని కాదు.

మాటల్లేకపోవడానికి కారణం మీకు ముందు భాగాల్లో కొంత చెప్పాను, కొంత దాచాను. దాచింది ఇది. మా బావగారికి పక్షవాతం వచ్చినప్పుడు అక్క షాపు రెండు నెలలు మూసి ఆయన్ని చూసుకుంది. అద్దె కట్టుకుంటూనే ఉంది, మళ్ళీ తెరవడానికే. ఆ రోజుల్లో మాకు అర్జంటుగా ఒక ఇనప ఫ్రేము కావాల్సి వచ్చింది, సరిగ్గా అక్క బోర్డు కొలతే. మూసిన షాపుల ఫ్రేములు దించి వాడుకోవడం మా పనిలో మామూలే, అందరూ చేస్తారు. ఎలాగూ మూసిందిగా, మళ్ళీ ఎక్కడ తెరుస్తుందిలే అని నేనే మనుషుల్ని పంపి దింపించాను. అడగలేదు. అడిగితే బాధపడుతుందని అడగలేదని చెప్పుకున్నాను. రెండు నెలల తర్వాత అక్క తాళం తీయడానికి వస్తే పైన గోడకి నాలుగు చిల్లులే ఉన్నాయి. ఫ్రేము వీధి చివర మొబైల్ షాపు నెత్తిన ఉంది. "మీ బావ పడుకుంటే నేను మూయలేదే షాపు. నువ్వు మూశావు" అంది. అదే ఆఖరి మాట. తాళం మళ్ళీ వేసి, గది వదులుకుని, వాళ్ళకీ వీళ్ళకీ జాకెట్లకి హుక్సు కుట్టుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. అప్పుడైనా వెళ్ళి కాళ్ళ మీద పడాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. వెళ్ళకపోవడానికి రోజుకో కారణం దొరికేది.

ఇదంతా జిప్పులాయనకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం, ఆయన ఆకలి ఆయనది. ఆయన కూడా ఎక్కువ సాగదీయలేదు.

"నాకు ఎవరి తప్పో అక్కర్లేదమ్మా. నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఇంటాయనకి చెప్పేశాను. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఈ వారంలో నాకు నాలుగు ఫోన్లు రావాలి. రేపు తెల్లారేసరికి ముప్పై బోర్డుల మీదా నా నంబరు ఉండాలి" అన్నాడు.

ఉంటుందని మాటిచ్చాను. జిమ్ వాళ్ళ బ్యానర్లు ఆపించాను. బోర్డులన్నీ తిరిగి అచ్చేయక్కర్లేదు, నంబరు మేరకు స్టిక్కర్లు తీసి పాతదాని మీద అంటిస్తే చాలు. మరిది వెంటనే కంప్యూటర్ వైపు తిరిగాడు. మా ఆయన భూతద్దం తెచ్చుకుని, చీటీ నా చేతికిచ్చి, స్క్రీను దగ్గరగా వంగి వెనక నుంచి చదివారు. నేను చీటీ చూస్తూ ఒక్కో అంకెకీ ఊఁ కొట్టాను. ఈసారి ఇద్దరం ఉన్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మరిది లోపల స్టిక్కర్లు కోసే మిషన్ దగ్గరికి వెళ్ళాడు.

వెళ్ళొస్తానని జిప్పులాయన లేవలేదు. ఇంకొకటుంది అన్నాడు. స్టిక్కర్లు వేస్తారు సరే, ఇప్పటికే ఆ నంబరు రాసుకున్నవాళ్ళు ఆవిడకే చేస్తారు. ఈ ఫోన్లు తనవి కావని, ఇక ఎత్తొద్దని ఆవిడకి చెప్పాలి. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అన్నాడు.

ఆయనతో చెప్పించడం ధర్మం కాదు. నేనే ఫోన్ తీశాను. చూసి నొక్కక్కర్లేదు. తొమ్మిది అంకెలు నొక్కి, అలవాటు చొప్పున ఆగాను. జిప్పులాయన నా వేలి వైపే చూస్తున్నాడు. నాలుగు నొక్కాను.

రెండో రింగుకే ఎత్తింది. "చెప్పండి, బ్యాగుల రిపేరు" అంది.

ఆ గొంతులో హుషారు విని, అక్కా అనబోయి సగంలోనే ఆగాను. ఆరేళ్ళ కింద షాపులో కూర్చున్నప్పుడు ఎలా అనేదో అలాగే అంది. వెనక కుట్టుమిషన్ ఆగిన చప్పుడు వినిపించింది. ఆ సగం మాటకే పోల్చుకున్నట్టుంది.

"నువ్వేనా" అంది.

నేనే అక్కా అన్నాను. అంతవరకే వచ్చింది నోట్లోంచి. చెప్పాల్సిన మాట గొంతులో సిద్ధంగా ఉంది. పొరపాటున నీ నంబరు పడింది, ఇక ఎత్తకు. అంతే కదా. ఈలోగా ఆవిడే అందుకుంది. మా అక్క మొదలుపెడితే మధ్యలో దూరడానికి సందు ఇవ్వదు.

"రెండున్నర నెలలు పట్టిందా ఫోన్ చేయడానికి? మొదట ఫోన్లు వస్తే రాంగ్ నంబరని పెట్టేసేదాన్ని. నాలుగో ఆయన కసురుకున్నాడు, బోర్డు మీద ఉంది కదమ్మా అని. ఏ బోర్డని వెళ్ళి చూశాను. మా వీధి మొదట్లోనే, స్తంభానికి. నువ్వు నాకు రాసిపెట్టిన మాటలే. కింద నా నంబరు. మూలన మీ షాపు పేరు. అక్కడే నిలబడి ఏడ్చానే, జనం చూస్తున్నారని కూడా లేదు."

అక్కా, ఒక్క మాట విను అన్నాను. వినలేదు.

"నీకు నోరు పెద్దదే గానీ, తప్పయిందని చెప్పడం చేతకాదు. చిన్నప్పట్నుంచీ అంతేగా. బోర్డు దించినదానివి ఊరంతా బోర్డులు కట్టించి చెప్పావు. చాలు, నాకింకేం వద్దు. రోజుకి నాలుగైదు సంచులొస్తున్నాయి. మీ బావ మంచం దిగి, ఆ మంచి చేత్తో దారాలకి మైనం రాసిస్తున్నాడు. నిన్న నవ్వాడు కూడా. ఎప్పుడొస్తావు? ఇవాళే రారాదూ."

నా కళ్ళు ఎదుటి మనిషి మీద ఉన్నాయి. స్టూలు మీద కూర్చుని, టీచరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని, మా అక్క కుట్టుని బొటనవేలితో తడుముతున్నాడు. పనివాడు కదా, మంచి పని చూస్తే చెయ్యి ఊరుకోదు. చెప్పేశారా అన్నట్టు తల ఎగరేశాడు. ఆయనకి తొమ్మిది రోజులు. అక్కడ బావగారు నవ్వారట. ఒకే నంబరు మీద రెండిళ్ళ పొయ్యిలు పెట్టి, మధ్యలో నేను నిలబడ్డాను.

చెప్పేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ కష్టం, ఆరేళ్ళ కిందట నేర్చుకున్న పాఠమే. ఊపిరి తీసుకుని, అక్కా, ఆ బోర్డులు, అన్నాను.

సరిగ్గా అప్పుడే మా మరిది రెండు చేతుల నిండా స్టిక్కర్ల చుట్టలు పట్టుకుని లోపల్నుంచి వచ్చాడు. వాడికి నా చెవి దగ్గర ఫోన్ కనబడితే కదా. వాడి గొంతు మైకు అక్కర్లేని గొంతు.

"వదినా, ముప్పై స్టిక్కర్లూ అయిపోయాయి. పెద్దొదిన వాళ్ళ వీధి స్తంభంతోనే మొదలుపెట్టి, ఆ నంబరు కప్పేసి రానా?"

ఫోన్లో మా అక్క చాలా మెల్లగా అడిగింది, ఇందాకటి హుషారు ఏమీ లేని గొంతుతో.

"అది మీ మరిది గొంతేగా. ఏ నంబరే కప్పేది?"